నడిమి గదిలో మొక్కల లైటు

గుండయ్య సేటు కోడలు ఇంద్రజ గురించి మా గల్లీలో ఒక మాట తిరుగుతోంది. వాళ్ల ఇంట్లో, పై అంతస్తు నడిమి గదిలో ఒక ఎర్ర చేప ఉందట. మామూలు చేప కాదు, విమానంలో వచ్చిన చేప. అది వచ్చాకే సేటు గిరాకీ పెరిగింది. కాకపోతే ఆ చేప కోడలి ముఖం కనబడితేనే మేత ముడుతుంది. అందుకని ఆమెను ఎక్కడికీ పంపరు. చేపకు ఎండ పడదని పొద్దున పూట ఆమెను చీకట్లో కూర్చోబెడతారు. సాయంత్రం లైటు వేసి చేప ముందు కాపలా పెడతారు. సొంత తమ్ముడి గృహప్రవేశానికి కూడా పోనివ్వలేదంటే ఇంకేం చెప్పాలి!

మిర్చి బండి వైకుంఠం ఈ కథను అందరికంటే బాగా చెబుతాడు. అతను చెప్పినప్పుడల్లా చేప కొంచెం పెరుగుతుంది.

"మొన్న జానెడన్నవ్ గదా కాకా. ఇయ్యాల మూరెడైందా?" అని అడిగాడు ఆటో నందు.

"పెరగదా మరి? దినాం కిస్మిస్‌లు తింటదది."

"నువ్వు చూసినవా?"

"చూడనీకె పైకి పోతే గుండయ్య సేటు కట్టేస్తడు. తాళ్లకు కరువా ఆయనకు?"

అందరూ నవ్వారు. గుండయ్య గారిది తాళ్లు, గోనెసంచుల హోల్‌సేల్ దుకాణం. అఫ్జల్‌గంజ్‌లో ఆయన తాత పెట్టింది.

ఆ బండికి నాలుగడుగుల దూరంలో, మా గడప మీద కూర్చుని నేను పూలు కడుతుంటాను. అమ్మ తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెస్తుంది, నేను దండలు కట్టి ఇళ్లకూ దుకాణాలకూ ఇచ్చివస్తాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానినప్పటి నుంచి ఇదే నా పని. నన్ను ఎవరూ ఏమీ అడగరు. గుండయ్య గారి ఇంట్లోకి రోజూ వెళ్లి వచ్చే బయటి మనిషిని నేనే అయినా, ఆ చేప సంగతి ఏమిటని ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు.

ఆ ఇంటికి మెట్లు దుకాణంలోనే ఉన్నాయి. వేరే దారి లేదు. పైనుంచి దిగినవాళ్లు తాళ్ల చుట్టల మధ్యగా, హమాలీలను తప్పించుకుంటూ, గుండయ్య గారి గద్దె ముందు నుంచి బయటికి రావాలి. ఆయన ఎవరినీ ఆపరు. "యాడికి?" అని మాత్రం అడుగుతారు. దుకాణం నిండా గిరాకీ ఉండగా, మామగారికి ఎదురుగా నిలబడి ఎక్కడికో చెప్పడం ఇంద్రజక్కకు చేతకాదు. అందుకని దుకాణం తెరిచి ఉన్నంతసేపు ఆమె పైనే ఉంటుంది. ఆదివారం దుకాణం బంద్. ఆ రోజు సాయంత్రం అత్తగారు సావిత్రమ్మతో గుడికి వెళ్లి వస్తుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇంతే.

ఆమె పుట్టిల్లు జహీరాబాద్. వాళ్ల నాన్నది విత్తనాల దుకాణం. ఇంటి చుట్టూ ఏదో ఒకటి మొలుస్తూ ఉండేదట. ఇక్కడ డాబా మీద గోనెసంచుల కట్టలు పేర్చి టార్పాలిన్ కప్పారు, తాళంచెవి గుండయ్య గారి నడుముకుంటుంది. నడిమి గదికి ఒకప్పుడు కిటికీ ఉండేది. పక్కవాళ్లు గోడకు గోడ ఆనించి బిల్డింగు లేపాక అది మూసుకుపోయింది. గల్లీ వైపు పైన చిన్న వెంటిలేటర్ మాత్రం మిగిలింది. ఆ గదిలో పగలే ట్యూబ్‌లైటు వేసుకోవాలి. ఆమె తెచ్చిన ప్రతి కుండీ అక్కడ పండుబారి చచ్చిపోయింది.

అద్దాల తొట్టి వచ్చింది మాత్రం మొక్కల కోసం కాదు. దుకాణం మందకొడిగా నడుస్తుంటే వాస్తు చూసే అయ్యగారు ఉత్తరం మూల నీళ్లు ఉండాలన్నారు. ఇంట్లో ఉత్తరం వైపు గోడ ఉన్నది నడిమి గదికే. మూసీ వంతెన వైపు దారిలో అక్వేరియం దుకాణం పెట్టుకున్న డానియేలు వచ్చి తొట్టి బిగించి, ఒక ఎర్ర చేపను వదిలి వెళ్లాడు. అది కొన్ని వారాలకు చచ్చిపోయింది.

ఆ రోజు నేను దండతో పైకి వెళ్లేసరికి సావిత్రమ్మ సంతోషంగా ఉంది. "మన ఇంటి మీదికి రావాల్సింది దాని మీదికెల్లి పోయింది బిడ్డా. మంచిగైంది," అంది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. తొట్టి పెట్టుకున్న ఇళ్లన్నిటా అలాగే అనుకుంటారు. చేప చస్తే ఇంటికి పట్టిన పీడ పోయినట్టు. పోయినదాన్ని బయట పడేసి, కొత్తదాన్ని తెచ్చుకుంటారు. ఆ తొట్టి కోడలి గదిలో ఉంది కాబట్టి చచ్చిన చేపను తీసే పని కోడలిది.

రెండో చేప పోయింది. మూడోది నోరు తెరుచుకుని అద్దానికి ఆనుకుని రోజుల తరబడి కష్టపడి పోయింది. దాన్ని ఇంద్రజక్క పాత గిన్నెలోకి తీస్తుంటే నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుని, కిందికి వినపడనంత నెమ్మదిగా అంది, "ఇంకో చేపను నేను తియ్య సోనీ. నాతోని గాదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఎట్లాగో నోరు తెరిచి, తొట్టిలో చేపకు బదులు మొక్కలు పెంచుతానని మామగారికి చెప్పింది. మర్నాడు ఆయన ఆ మాట గద్దె మీద కూర్చుని గిరాకీకి చెప్పి నవ్వడం నేను విన్నాను. "నీళ్లల్ల తోటకూర పెడ్తదట మా కోడలు!" అయితే నవ్వి ఊరుకోలేదు, అయ్యగారికి ఫోన్ చేశారు. నీళ్లలో పచ్చదనం కూడా ఉత్తరానికి మంచిదేనని, కానీ ఎండిన ఆకు, కుళ్లిన ఆకు ఇంట్లో ఉండరాదని ఆయన చెప్పారు. దాంతో గుండయ్య గారు తేల్చేశారు.

"దీపావళి దాంక సూస్త. పూజ నాటికి తొట్టి పచ్చగుంటే సరి. లేకుంటే పెద్ద చేపను తెప్పిస్త. ఇంక మాట లేదు."

డానియేలు మొక్కలు తెచ్చాడు. రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే ఆకులవి కొన్ని, వేర్లతో రాయిని పట్టుకుని పెరిగే దళసరి ఆకులవి కొన్ని. తొట్టి మూతలో ఒక చిన్న పసుపు బల్బు ఉండేది. చేపను చూడటానికి అది చాలు. మొక్కలకు చాలలేదు. రిబ్బన్ ఆకులు పాలిపోయి, పైకి పైకి సాగి, అడుగున కరిగిపోవడం మొదలుపెట్టాయి.

"మొక్కల లైటే కావాలె మేడం," అని డానియేలు ఇంకో లైటు తెచ్చి బిగించాడు. "నర్సరీలోళ్లు గిదే వాడుతరు. ఫికర్ వద్దు."

ఎరుపూ నీలమూ కలిసిన లైటు అది. వేయగానే గదంతా ఊదారంగు అయింది. గోడలు, మంచం, ఇంద్రజక్క ముఖం, అన్నీ. వెంటిలేటర్‌లోంచి ఆ రంగు గల్లీలో పడింది. గల్లీలో కథలు మొదలైంది అప్పుడే. గుండయ్య ఇంట్లో క్షుద్రపూజ అని ఒకరు, గంజాయి మొక్కలని ఒకరు. శ్రవణ్‌కుమార్ అన్న, అంటే ఆమె భర్త, ఒక సాయంత్రం పైకి వచ్చి, "ఏంది గీ లొల్లి? హోటల్ లెక్క ఉంది గది. తలకాయ్ నొస్తుంది నాకు," అని కిందికి వెళ్లిపోయాడు. అతను ఎక్కువ మాట్లాడడు. ఎక్కువసేపు కింద దుకాణంలోనే ఉంటాడు.

ఆ రంగుతో ఇంకో చిక్కు వచ్చింది. ఊదా వెలుగులో ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. ఏ ఆకు బాగుందో ఏది కుళ్లిందో తెలియదు. ఆమె ఫోన్ టార్చి వేసి చూసేసరికి సగం ఆకుల మీద గోధుమరంగు పొర కట్టింది. అంతకంటే పెద్ద భయం వేరే. మొక్కలు బాగా ఉన్నా సరే, పూజనాడు గుండయ్య గారు వచ్చి చూస్తే ఆయనకు నల్లని నీళ్లు కనబడతాయి.

ఆ ఆదివారం సావిత్రమ్మ గుడిలో భజనకు కూర్చుంది. డానియేలు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక దుకాణం తెరుస్తాడు, గుడి వెనక సందులోంచి పోతే దగ్గరే. గుడికి దండలు ఇవ్వడానికి వచ్చిన నా చెయ్యి పట్టుకుని ఇంద్రజక్క, "జల్ది పోయి వద్దాం రా," అంది. ఆమె సందులో నడుస్తున్నంతసేపు వెనక్కి చూస్తూనే ఉంది.

డానియేలు వరుసగా నాలుగైదు లైట్లు వెలిగించి చూపించాడు. అన్నీ బాగున్నాయనే చెప్పాడు. ఆమె కాసేపు చూసి, నా బుట్టలోంచి ఒక మరువం రెమ్మ తీసుకుంది. దాన్ని ఒక్కో లైటు కింద పట్టుకుంటూ పోయింది.

"మొక్క బతకనీకె లైటు మేడం. మరువం బతకనీకె గాదు," అని నవ్వాడు డానియేలు.

"బతికిందని మా మామయ్య కండ్లకు తెల్వాలె గదా అన్నా."

పసుపు లైటు కింద మరువం ఎండుగడ్డిలా ఉంది. నీలం కలిసిన తెలుపు కింద ప్లాస్టిక్ ఆకులా ఉంది. ఒకదాని కింద మాత్రం, పొద్దున అమ్మ మూట విప్పినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లానే కనిపించింది. నాకు తెలియకుండానే "అక్కా, ఇదే" అన్నాను. డబ్బా మీద 6500 అని ఉంది. మధ్యాహ్నం ఎండ తెలుపు అదేనని, మొక్కకు కూడా అది బాగానే పడుతుందని డానియేలు చెప్పాడు. "ముందుగాల్నే ఇదియ్యొచ్చు గదన్నా?" అని ఆమె అడిగితే, "మొక్కల లైటంటే అందరూ ఆ రంగుదే అడుగుతరు మేడం," అన్నాడు.

గుడికి పరుగున తిరిగి వచ్చేసరికి భజన హారతి దగ్గర ఉంది.

తెల్ల లైటుతో గది మారిపోయింది. మొదటిసారి ఆ గదిలో పగలు వచ్చినట్టుంది. ఇంద్రజక్క పొద్దున లేస్తూనే లైటు వేసేది. పనుల మధ్య వచ్చి దాని ముందు నిలబడేది. దాన్ని ఆర్పబుద్ధి అయ్యేది కాదు ఆమెకు. సాయంత్రం ఆర్పుదామంటే సావిత్రమ్మ ఒప్పుకోదు. ఉత్తరం లక్ష్మి మూలట, దీపాలు పెట్టే వేళ అక్కడ చీకటి ఉండకూడదు. దుకాణం మూసి, అందరి భోజనాలు అయ్యేదాకా అది వెలుగుతూనే ఉండేది.

కొన్నాళ్లకు అద్దాలకు పచ్చటి పొర పట్టింది. ఆకుల అంచులకు వెంట్రుకల్లాంటి నాచు వేలాడింది. గీకితే మళ్లీ వచ్చేది. గుండయ్య గారు ఒకసారి వచ్చి తొంగి చూశారు.

"గిదేంది బిడ్డా? మూసీని ఇంట్లకు తెచ్చినవా?"

కిందికి దిగుతూ డానియేలుకు ఫోన్ చేసి పెద్ద ఎర్ర చేప ఒకటి చూసి ఉంచమన్నారు. ఆ మాట మెట్ల మీద నేను విన్నాను, గదిలో ఆమె కూడా విన్నది. 

డానియేలుకు ఆమె కూడా ఫోన్ చేసింది, వంటగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో. లైటు మంచిదే, కానీ మరీ ఎక్కువైందని అతను చెప్పాడు. రోజుకు ఏడెనిమిది గంటలు చాలు, తొట్టి లోతు తక్కువ కాబట్టి లైటును నీళ్లకు అంత దగ్గరగా పెట్టొద్దు, మిగతా వేళ చీకటి అంటే చీకటే ఉండాలి, లేకపోతే నాచుదే రాజ్యం.

పొద్దున వేస్తే సంధ్యవేళకు ఆర్పాలి. సంధ్యవేళ ఆర్పితే అత్తగారు ఊరుకోరు. ఆమె రెండు రోజులు ఇదే ఆలోచించింది. తర్వాత నాతో అంది, "గీ గదికి పొద్దు పొడిసుడు ఉందా, గూకుడు ఉందా? నేను ఎప్పుడేస్తే అప్పుడే వాటికి పొద్దు." మధ్యాహ్నం భోజనాలు అయ్యాక లైటు వేయడం మొదలుపెట్టింది. సంధ్యవేళకు లక్ష్మి మూల వెలుగుతూనే ఉంటుంది, దుకాణం మూసే వేళకు మొక్కలకు కావలసినంత వెలుగు అందుతుంది. దుకాణంలోంచి సన్నని జనపతాడు తెప్పించుకుని, సీలింగు కొక్కేనికి లైటును వేలాడదీసింది. తాడును కొంచెం కొంచెంగా లాగి, ఎత్తు మారుస్తూ, నాచు తగ్గే చోట ముడి వేసింది.

అయితే పొద్దున పూట చీకటి కావాలి. ట్యూబ్‌లైటు తొట్టికి సరిగ్గా పైనే ఉంది, కాబట్టి అదీ వేయకూడదు. వెంటిలేటర్‌కు గోనెసంచి కట్టింది. ఒక పొద్దున పూజ పూలు ఇవ్వడానికి వెళ్లి, గదిలో ఎవరూ లేరనుకుని వెనక్కి తిరిగాను.

"సోనీ," అని చీకట్లోంచి పిలుపు వచ్చింది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దున వంట అయిపోయింది, ముందు గదిలో అత్తగారి చుట్టాలు ఉన్నారు, వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

"లైటెయ్యనా అక్కా?"

"వద్దు వద్దు. మొక్కలు పండుకున్నయ్. సిన్నగ మాట్లాడు."

నేను గడప దగ్గర కూర్చున్నాను. కింద హమాలీల అరుపులు, ట్రాలీ చక్రాలు. గది జనపనార వాసన వేస్తోంది. కాసేపటికి చీకటికి కళ్లు అలవాటు పడ్డాయి. ఆమె తొట్టి వైపే చూస్తోంది. ఏమీ కనిపించదని ఆమెకూ తెలుసు. ఇట్లా ఎంతసేపు కూర్చుంటుందో నేను అడగలేదు.

నాచు మెల్లగా తగ్గింది. పాత ఆకులు ఆమె కత్తిరించి తీసేస్తూ పోయింది, కొత్తవి వచ్చాయి. దీపావళి దగ్గరపడింది.

పూజ సాయంత్రం దుకాణం నిండా బంతిపూల దండలు నేనే కట్టాను. గద్దె మీద లక్ష్మి పటం, చుట్టూ దీపాలు. డానియేలు గల్లీలోంచి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. అందులో నీళ్లు, గాలి, ఎర్రటి చేప. బండి దగ్గర నుంచి వైకుంఠం, నందు, ఇంకా ఎందరో చూశారు. చేప సంచిలో తిరగడానికి చోటు లేక ఒకే వైపు చూస్తోంది. దాన్ని మెట్ల పక్కన బకెట్‌లో పెట్టి డానియేలు నిలబడ్డాడు.

పూజ అయ్యాక గుండయ్య గారు, అయ్యగారు, శ్రవణన్న పైకి ఎక్కారు. ప్రసాదం పళ్లెంతో వెనక నేను. ఇంద్రజక్క కొత్త చీరలో తొట్టి పక్కన నిలబడి ఉంది. చేతులు కొంగులో ఉన్నాయి.

అద్దాలు లేవేమో అన్నట్టున్నాయి నీళ్లు. రిబ్బన్ ఆకులు పైదాకా వచ్చి వంగి ఉన్నాయి. ఆ రోజు లైటు కింద మరువం రెమ్మలో చూసిన పచ్చదనమే అది. మధ్యాహ్నం నుంచి లైటు వెలుగుతోంది కదా, ఆకుల మీద సన్నని బుడగలు పుట్టి, దారం కట్టినట్టు ఒకదాని వెంట ఒకటి పైకి పోతున్నాయి.

గుండయ్య గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. "గాలి మిషిన్ బంద్ ఉంది గదా. బుడ్డలు యాడికెల్లి వస్తున్నయ్?"

"ఆకులే ఇడుస్తున్నయ్ మామయ్యా," అంది ఆమె.

"ముత్యాలోలె ఉన్నయ్," అన్నారు అయ్యగారు. "బ్రహ్మాండం సేటూ. ఇంకేం కావాలె?"

గుండయ్య గారు మెట్ల వైపు తిరిగి అరిచారు. "ఏ డానియేలూ! చేపను తీస్కపో. వద్దు!"

ఇంద్రజక్క కొంగులోంచి చేతులు తీసి కళ్లు తుడుచుకుంది. నాకు కూడా గుండె నిండింది. అప్పుడే ఆయన ఆమె వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతుతో అన్నారు.

"నీ చేతి మీద నిలిచింది బిడ్డా. ఇంక నువ్వు యాడికీ కదలొద్దు. వేరేటోళ్లు ముట్టుకుంటే వాడిపోతయ్."

అరుపు విని మెట్లెక్కి వచ్చిన డానియేలు ఆ మాట విన్నాడు. "టైమర్ ఉంటది సేట్. స్విచ్చుకు పెడితే టైముకు అదే వెలుగుతది, అదే ఆరుతది. మేడం ఊరికి పోయినా ఫికర్ ఉండదు."

"మిషిన్ ఎందుకయా?" అంది సావిత్రమ్మ గుమ్మంలోంచి. "మనిషి ఇంట్లనే ఉంటది గదా."

శ్రవణన్న ప్రసాదం తీసుకుని కిందికి వెళ్లాడు. బయట పటాకుల పొగలో, అందరూ మొహాలు పక్కకు తిప్పుకున్న సమయంలో, డానియేలు చేపను తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. వస్తుంటే చూసినవాళ్లు పోతుంటే చూడలేదు.

జహీరాబాద్‌లో తమ్ముడి గృహప్రవేశం కార్తీకంలో జరిగింది. శ్రవణన్న ఒక్కడే వెళ్లి వచ్చాడు. ఆ రోజు సాయంత్రం నేను పూలు తీసుకెళ్లేసరికి ఆమె పొడుగెక్కిన ఆకుల కొసలు కత్తిరిస్తోంది. మంచం మీద ఫోన్‌లో పాలు పొంగిన ఫోటో తెరిచి ఉంది.

"చేపనే ఉంటే అత్తమ్మ మేత వేసేది సోనీ. నన్ను పంపుతుండిరేమో," అని నవ్వింది.

"మళ్ల చేప కావాల్నా అక్కా?"

"వద్దు," అంది వెంటనే. కత్తెర తుడిచి పక్కన పెట్టింది. తాడు ముడి ఒకసారి చూసుకుంది.

నేను కిందికి దిగి మా గడప మీద కూర్చున్నాను. పైన వెంటిలేటర్ గోనెసంచి అంచుల్లోంచి తెల్లని వెలుగు కనిపిస్తోంది. వైకుంఠం బండి దగ్గర కొత్త గిరాకీ నిలబడ్డారు, అతను మిర్చి తిప్పుతూ చేపకు ఇంకో జానెడు పెంచాడు.

ఆ తొట్టిలో చేప లేదు.